ఎస్సెన్‌లో క్రుప్ బంగళా, దాని తోట: చూసొచ్చాను, ఉక్కు ఊరివాళ్లతో మాట్లాడాలనిపించింది

గాజువాక_శీను:
అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద మూడు వారాలు జర్మనీలో ఉన్నాను. ఒక ఆదివారం ఖాళీ దొరికితే ఎస్సెన్ వెళ్లి విల్లా హ్యూగెల్ చూశాను. హ్యూగెల్ అంటే గుట్ట అట. మన లెక్కలో గుట్ట మీద బంగళా. క్రుప్ అని ఉక్కు కార్ఖానా యజమాని కట్టుకున్న ఇల్లు. ఇల్లు అంటున్నాను గానీ 269 గదులు, 8,100 చదరపు మీటర్లు, చుట్టూ 28 హెక్టార్ల తోట, అంటే దగ్గర దగ్గర 70 ఎకరాలు. పెద్ద హాల్లో నిలబడి పైకి చూస్తే నాకు రైల్వే స్టేషన్ గుర్తొచ్చింది, నవ్వకండి.

నిజానికి నాకు నచ్చింది ఇల్లు కాదు, తోట. ఆయన ఆ స్థలం కొన్నప్పుడు గుట్ట చాలావరకు బోడిగా ఉండేదట. మొక్కలు నాటితే అవి పెరిగేసరికి తను బతికుండడని, బాగా పెరిగిన చెట్లనే వేళ్లతో సహా తవ్వించి బళ్ల మీద తెప్పించి నాటించాడట. పోతూ పోతూ నీడ కూడా కొనుక్కుపోదామనుకున్నాడన్నమాట! అవునో కాదో గానీ ఇప్పుడు మాత్రం అడవిలా ఉంది. కింద సరస్సు, ఎదురుగా కొండలు, పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటున్నారు.

నా సందేహం ఏంటంటే, మన విశాఖలో ఇన్ని ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, ఫలానా ఫ్యాక్టరీ ఓనరు బంగళా అని చూపించడానికి ఒక్కటీ కనపడదేం?

పూర్ణామార్కెట్_బుల్లెబ్బాయ్:
269 గదులా! తుడవడానికి మనిషిని పెడితే వాడు చివరి గదికి వచ్చేసరికి మొదటి గదిలో బూజు పట్టేస్తుంది.

వాల్తేరు_మేష్టారు:
శీనూ, బాగా గుర్తుచేశావు. నేను హిస్టరీ చెప్పినవాణ్ణి, కాస్త వెనక్కి వెళ్తాను, ఓపిక చేసుకోండి.

అసలు కథ 1811లో మొదలవుతుంది. నెపోలియన్ ఇంగ్లాండు సరుకుని యూరప్‌లోకి రానివ్వకుండా అడ్డుకున్న రోజులు. అప్పట్లో మంచి పోత ఉక్కు ఇంగ్లాండు వాళ్లదే. అది రాకపోతే మనమే చేద్దామని ఫ్రీడ్రిష్ క్రుప్ అనే ఆయన ఎస్సెన్‌లో చిన్న కొలిమి పెట్టాడు. ఉన్న ఆస్తంతా దానికే పోసి 1826లో అప్పులు మిగిల్చి పోయాడు. పెద్దకొడుకు ఆల్ఫ్రెడ్‌కి అప్పుడు 14 ఏళ్లు. చేతిలో ఉన్నది ఏడుగురు పనివాళ్లు. ఆ కుర్రాడే ఈ బంగళా కట్టినవాడు. 1887లో పోయేనాటికి ఆయన కింద సుమారు 20,000 మంది పనిచేసేవారు.

చాలామంది క్రుప్ అనగానే ఫిరంగులు అంటారు గానీ ముందు డబ్బు తెచ్చింది రైలు చక్రాలు. చక్రం చుట్టూ ఉండే ఉక్కు పట్టీని అతుకు లేకుండా తయారుచేయడం కనిపెట్టాడు, 1850లలో. అతుకు ఉంటే అక్కడే విరిగి ప్రమాదాలయ్యేవి. ఆ కంపెనీ గుర్తులో మూడు రింగులు ఉంటాయి చూడండి, అవి ఫిరంగి గొట్టాలు కావు, ఈ చక్రాల పట్టీలే. అమెరికా రైల్వేలు కూడా ఆయన దగ్గరే కొనేవి.

రిటైర్డ్_ఫర్నేస్:
మేష్టారూ, ఆ పోత ఉక్కు గురించి ఒక మాట. మూసలో ఇనుము పెట్టి మూత బిగించి కరిగించి తీసే పద్ధతి మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. తెలంగాణాలో కోనసముద్రం వైపు ఆ ఉక్కు ముద్దలు కొనడానికి పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవాళ్లు. ఇంగ్లీషు వాళ్లు వూట్జ్ అనేదీ మన ఉక్కు అనే మాటనే. కాకపోతే మనవాళ్లు చేసింది గుప్పెడు ముద్ద, కత్తికి సరిపోతుంది. ఈ క్రుప్ ఏం చేశాడంటే, చాలా మూసల్లో కరిగించి అన్నీ ఒకేసారి ఒకే అచ్చులో పోయించాడు. 1851లో లండన్ ప్రదర్శనకి రెండు టన్నులకు దగ్గరగా ఉన్న ఒకే దిమ్మని తీసుకెళ్లి పెట్టాడు. అది చెప్పినంత తేలిక కాదు. ఒక మూస ఒక్క నిమిషం ఆలస్యమైతే లోపల అతుకు పడిపోతుంది. అంతమంది వరసగా, సైన్యంలా కదలాలి. పోత పని చేసినవాళ్లకి తెలుస్తుంది ఆ టెన్షన్.

మా కుటుంబానికి ఈ క్రుప్ పేరు పాత చుట్టం పేరులాంటిది. మా నాన్నగారు రూర్కెలాలో చేశారు. ఆ ప్లాంటు కట్టింది క్రుప్, డెమాగ్ అనే రెండు జర్మన్ కంపెనీలు కలిసి. 1959లో అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగించారు. నేనేమో రష్యావాళ్ల సాయంతో కట్టిన మన ప్లాంటులో చేరాను. ఇంట్లో భోజనాల దగ్గర మా ఇద్దరికీ జర్మన్లు గొప్పా రష్యన్లు గొప్పా అని గొడవ. అమ్మ మాత్రం పప్పు గొప్ప, తినండి అనేది.

గాజువాక_శీను:
బాబాయ్, మీరు ఇంత రాస్తారని తెలిస్తే ఇంకా ఫొటోలు తీసేవాణ్ణి.

మల్కాపురం_నారాయణ:
అందరూ బంగళా బాగుంది అంటున్నారు, బాగానే ఉంటుంది మరి. నాకొక్కటి చెప్పండి. ఊళ్లో కార్ఖానా పెట్టుకుని, ఊరికి అన్ని కిలోమీటర్ల దూరంలో గుట్ట ఎక్కి ఇల్లెందుకు కట్టుకున్నాడు?

వాల్తేరు_మేష్టారు:
నారాయణగారూ, అసలు సంగతి పట్టారు. ఆల్ఫ్రెడ్ చాలాకాలం కార్ఖానా పక్కనే ఉన్నాడు. మొదట్లో చిన్న చెక్క చట్రాల ఇల్లు, మన పెంకుటిల్లు అనుకోండి. పెళ్లయ్యాక కూడా అక్కడే. తర్వాత కార్ఖానా ఆవరణలోనే తోటతో ఒక ఇల్లు కట్టాడు. సరిగ్గా అప్పుడే, 1861లో, ఫ్రిట్జ్ అని పేరు పెట్టిన పెద్ద ఆవిరి సుత్తి మొదలైంది. అది దిగినప్పుడల్లా చుట్టుపక్కల ఇళ్లన్నీ అదిరేవి. గాజులు పగలడం, గోడలు బీటలివ్వడం, తోటంతా మసి. భార్య బెర్తా ఆరోగ్యం అసలే అంతంతమాత్రం. చివరికి 1864లో రూర్ నది పక్కన గుట్ట మీద ఒక పాత వ్యవసాయ క్షేత్రం కొని అక్కడికి మారారు.

అంటే తన పొగ తనకే పడక లేచిపోయాడు.

మల్కాపురం_నారాయణ:
అదే నేను అనేది. ఆయనకి గుట్ట ఉంది, ఎక్కాడు. సుత్తి కింద చేసేవాడు ఎక్కడికి ఎక్కుతాడు? వాడి ఇల్లు అదరదా? వాడి పెళ్లానికి దగ్గు రాదా? మా వీధిలో పొద్దున్న మేడ మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్ల దుమ్ము, పేరు చెప్పను ఎక్కణ్ణుంచో. చెయ్యి పెట్టి గోడ రాస్తే వేలికి కాటుక. ఆ దుమ్ము ఏ యజమాని కిటికీ మీదా పడదు, ఎందుకంటే యజమాని ఇక్కడ ఉండడు. శీను అడిగాడు కదా మన ఊళ్లో ఓనరు బంగళా ఎందుకు లేదని, ఇదీ ఒక జవాబే.

పూర్ణామార్కెట్_బుల్లెబ్బాయ్:
నారాయణన్న ఫుల్ ఫామ్‌లో ఉన్నాడు. టీ చెప్పండి ఎవరైనా.

రూర్‌లో_రాజాం_అబ్బాయి:
నమస్తే, మాది రాజాం, ఇప్పుడు బోఖుమ్‌లో చదువుకుంటున్నాను, ఎస్సెన్ పక్క ఊరే. ఇక్కడికి మనవాళ్లు ఎవరొచ్చినా నేనే విల్లా హ్యూగెల్ తీసుకెళ్తాను, ఇప్పటికి ఆరుసార్లు అయ్యింది, అందుకని కొన్ని సంగతులు.

ఇప్పుడున్న పెద్ద బంగళా పని 1870 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. జూలైలో ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చింది. కామెడీ ఏంటంటే గోడలకి వాడుతున్న సున్నపురాయి ఫ్రాన్స్‌లోని షాంటిలీ నుంచి వస్తోంది. ఒక పక్క ఈయన ఫిరంగులు ఫ్రాన్సు మీద పేలుతున్నాయి, ఇంకో పక్క ఈయన ఇంటికి ఫ్రాన్సు రాయి కావాలి. పని కుంటుతూ సాగి చివరికి 1873 జనవరి 10న గృహప్రవేశం.

ఇంటి బొమ్మ ఆయనే గీశాడు. ఆర్కిటెక్టులు వచ్చారు, పోయారు, ఎవరి మాటా వినలేదు. ఆయనకి నిప్పంటే మహా భయం. అందుకని ఇల్లంతా రాయి, ఇనుము, గాజు. చెక్క వీలైనంత తగ్గించాడు.

గాజువాక_శీను:
తమ్ముడూ ఒక్క నిమిషం. నేను చూసిన హాల్లో గోడల నిండా చెక్కే ఉంది కదా? పైకప్పుకి కూడా నగిషీ చెక్క.

రూర్‌లో_రాజాం_అబ్బాయి:
అది మనవరాలి కాలంలో అన్నా. ఆల్ఫ్రెడ్ మనవరాలు బెర్తా (నాయనమ్మ పేరే), ఆమె భర్త గుస్తావ్ కలిసి మొదటి ప్రపంచయుద్ధం ముందు లోపలంతా మార్పించారు. ఆ చెక్క పని, గోడలకి వేలాడే పెద్ద పెద్ద నేత తెరలు, అన్నీ అప్పటివి. తాత కట్టింది చాలా మొండిగా, ఖాళీగా ఉండేదట. ఆఫీసులాగ.

రిటైర్డ్_ఫర్నేస్:
బాబూ, అంత పెద్ద ఇంటిని చలికాలంలో వెచ్చగా ఎలా ఉంచారు? అది రాయి. పొయ్యిలు పెడితే ఎన్ని పెట్టాలి?

రూర్‌లో_రాజాం_అబ్బాయి:
సార్, అక్కడే దెబ్బతిన్నాడు. గది గదికి పొయ్యి కాకుండా కింద గాలిని వేడి చేసి గొట్టాల్లోంచి గదుల్లోకి పంపే ఏర్పాటు చేయించాడు. గాలి స్వచ్ఛంగా ఉండాలని కిటికీల సంగతిలో కూడా ఆయనకి పట్టుదలలు ఉండేవి. కాగితం మీద బ్రహ్మాండం. చలికాలం రాగానే వేడి సరిగా అందక, చల్లగాలి దూరుతూ జనం వణికేవారు. ఇంజనీర్లని తిడుతూ ఉత్తరాల మీద ఉత్తరాలు. ఆయనకి నిద్ర పట్టేది కాదు, రాత్రంతా పెన్సిల్‌తో రాస్తూ కూర్చునేవాడు. రాసినవి వేలల్లో ఉన్నాయి. ఇంటికి సొంత నీళ్ల ప్లాంటు, సొంత గ్యాస్ ప్లాంటు కూడా ఉండేవి. ఇంకో కథ చెప్పుకుంటారు, గుర్రపు లద్దె వాసన వస్తే ఆలోచనలు బాగా వస్తాయని ఆయన నమ్మకమట. దీన్ని మాత్రం మీరు ఎంత నమ్ముతారో మీ ఇష్టం.

పూర్ణామార్కెట్_బుల్లెబ్బాయ్:
మా వీధి చివర గేదెల పాక ఉంది. ఈ లెక్కన నేను ఈపాటికి సైంటిస్టుని అయిపోవాలి.

రిటైర్డ్_ఫర్నేస్:
ఫర్నేసులో 1,500 డిగ్రీలు పుట్టించినవాడు పడగ్గదిలో 20 డిగ్రీలు తెప్పించుకోలేకపోయాడన్నమాట. నాకు ఆయన మీద మొదటిసారి జాలి వేస్తోంది.

సుధ_సీతమ్మధార:
చెట్ల దగ్గరికి వద్దాం. నేను నర్సరీ నడుపుతాను, కాబట్టి శీనుగారు రాసిన దాంట్లో నాకు నిద్రపట్టనిది అదొక్కటే. పెరిగిన చెట్టుని కదపడం ఇప్పుడు క్రేన్లు ఉన్నా కష్టమే, 1870లలో గుర్రపు బళ్ల మీద అంటే మాటలు కాదు.

పద్ధతి చెప్తాను. చెట్టుని తీయాలంటే ఏడాది ముందే దాని చుట్టూ గుండ్రంగా కందకం తవ్వి పెద్ద వేళ్లు కోసి మళ్లీ మట్టి కప్పాలి. అప్పుడు కోసిన చోట సన్నటి పిల్లవేళ్లు పుడతాయి, నీళ్లు తాగేవి అవే. ఏడాది తర్వాత ఆ మట్టిముద్దతో సహా ఎత్తాలి. మాను ఎంత మందం ఉందో మట్టిముద్ద దానికి పదింతలు వెడల్పు ఉండాలి అంటాం. అంటే అడుగు మందం మానుకి పదడుగుల ముద్ద, టన్నులు టన్నులు బరువు. ఆ దేశంలో ఒక సుఖం ఉంది, చలికాలం చెట్లు ఆకులు రాల్చి నిద్రపోతాయి, అప్పుడు తీస్తే వాటికి తెలియదు. మన దగ్గర ఆ సెలవు లేదు, ఏడాదంతా ఆకుల్లోంచి నీళ్లు పోతూనే ఉంటాయి, అందుకే మనం కొమ్మలు బాగా కొట్టేసి నాటుతాం.

2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ ఎవరికైనా మరుపొస్తుందా? మా కాలనీలో మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే ఆకాశం ఎక్కువైపోయింది, అంతే, చెట్లు లేవు. పార్కు దగ్గర రావిచెట్టు వేళ్లతో లేచి పడుకుంది. మేం పదిమందిమి చందాలు వేసుకుని క్రేను తెప్పించి, కొమ్మలన్నీ కొట్టించి, గొయ్యి పెద్దది చేసి, మళ్లీ నిలబెట్టాం. వేళ్లకి తడి గోనెపట్టాలు చుట్టి ఉంచాం, క్రేను రావడానికి నాలుగు రోజులు పట్టింది కాబట్టి. అది బతికింది. పక్కనున్న వేపని కూడా అలాగే నిలబెట్టాం, అది ఎండిపోయింది. రావి, మర్రి లాంటివి మొండివి, కొమ్మ గుచ్చినా వస్తాయి.

భీమిలి_రాధ:
సుధక్కా, "ఆకాశం ఎక్కువైపోయింది" అన్నారు చూడండి, అదే. మా వీధిలో ఇప్పటికీ అంతే.

గాజువాక_శీను:
సుధగారూ, మీరు చెప్పాక నేను తీసిన ఫొటోలు మళ్లీ చూశాను. ఇన్నాళ్లూ అవి పుట్టుకతోనే అక్కడ ఉన్న చెట్లనుకుంటారు చూసినవాళ్లు. అన్నట్టు కింద సరస్సు గురించి ఎవరూ చెప్పలేదు, ఆల్ఫ్రెడ్ అది చూశాడా?

రూర్‌లో_రాజాం_అబ్బాయి:
లేదన్నా. బాల్డెనై సరస్సు నదికి అడ్డంగా కట్ట కట్టాక వచ్చింది, 1931 నుంచి 33 మధ్య. ఆయన పోయి అప్పటికి 45 ఏళ్లు దాటింది. ఇప్పుడు బంగళా ఫొటో ఏది తీసినా ఆ నీళ్లు కావాలి అందరికీ, కట్టినవాడికి మాత్రం అక్కడ మామూలు నదే కనిపించింది.

వాల్తేరు_మేష్టారు:
శీను మొదటి ప్రశ్నకి నా జవాబు. మన విశాఖలో బంగళాలు కట్టినవాళ్లు రాజులు, జమీందార్లు, దొరలు. బీచ్ రోడ్డులో హవామహల్ జయపురం మహారాజుది. ఫ్యాక్టరీలు వచ్చేసరికి కాలం మారింది. షిప్‌యార్డే చూడండి, వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ మొదలుపెట్టింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948లో జల ఉష అనే ఓడని నెహ్రూ నీళ్లలోకి దింపారు. కొన్నేళ్లకే అది ప్రభుత్వం చేతికి వచ్చింది. వాల్‌చంద్ ఇక్కడ కొలువుండేలా ఏ రాజభవనమూ కట్టుకోలేదు. సింధియా అనే పేరు మాత్రం బస్సు కండక్టర్ల నోట్లో మిగిలింది. ఇక స్టీల్‌ప్లాంటుకి యజమాని ఎవరు? ప్రభుత్వం. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం రోడ్డెక్కి, తూటాలు తిని తెచ్చుకున్నది. దానికి ఓనరు బంగళా ఎక్కడ వెతుకుతావు?

మల్కాపురం_నారాయణ:
మేష్టారూ, పూర్తిగా చెప్పండి. ప్లాంటు కోసం 64 ఊళ్ల భూమి తీసుకున్నారు, 20 వేల ఎకరాల పైనే. మా మేనత్తది అందులో ఒక ఊరు. ఆమెకి తన ఊరు ఇప్పుడు ఎక్కడుందో చూపించమంటే గోడ వైపు చెయ్యి చూపిస్తుంది. ఉక్కునగరంలో పచ్చగా చెట్లున్నాయి, నేను కాదనను, ఆదివారాలు నేనూ వెళ్తాను. గానీ తోట గురించి మాట్లాడేటప్పుడు కింద ఏముండేదో కూడా మాట్లాడాలి.

రిటైర్డ్_ఫర్నేస్:
నారాయణా, నువ్వు చెప్పింది నిజం. నేను ఆ ఉక్కునగరంలోనే 24 ఏళ్లు ఉన్నాను. మా క్వార్టరు వెనక ఒక పాత తాటిచెట్ల వరస ఉండేది, గట్టు మీద ఉన్నట్టు వంకరగా. అది ఎవరి పొలం గట్టో అని ఎప్పుడూ అనుకునేవాణ్ణి, అడగడానికి మనిషి ఎవరూ దొరకలేదు.

ఒక తేడా మాత్రం చెప్పాలి. మా జీఎంగారి క్వార్టరుకీ నా క్వార్టరుకీ మధ్య ఒక పార్కు, రెండు సెక్టార్లు. ఒకే హాస్పిటల్. అదే గాలి. ఆయన గుట్ట ఎక్కలేదు.

వాల్తేరు_మేష్టారు:
క్రుప్ కూడా పనివాళ్లకి ఏమీ చేయలేదని కాదు, చేశాడు. 1850లకే జబ్బు చేస్తే డబ్బిచ్చే నిధి, పెన్షన్. 1868లో సరసమైన ధరల దుకాణాలు. 1870లలో వేల ఇళ్లతో కాలనీలు. అప్పట్లో అంత చేసినవాళ్లు అరుదనే చెప్పాలి. కానీ దానికి ఇంకో ముఖం ఉంది. 1872లో, అంటే బంగళా కడుతుండగానే, 72 నిబంధనల పుస్తకం ఒకటి విడుదల చేశాడు. కంపెనీకి విధేయతే మూలం. 1877లో పనివాళ్లందరికీ ఉత్తరం రాశాడు, రాజకీయాలు మీకెందుకు, ఇల్లూ పిల్లల్ని చూసుకోండి అని. ఇల్లు కంపెనీదైతే ఉద్యోగం పోయిననాడు ఇల్లూ పోతుంది, ఆ భయం ఒక్కటి చాలు మనిషి నోరు మూయడానికి.

ఇంకో సంగతి. గృహప్రవేశమైన ఏడాదికే, 1874లో, కంపెనీ దివాలా అంచుకి వచ్చింది. 3 కోట్ల మార్కులు అప్పు తెచ్చి గట్టెక్కాడు. 1882లో కొడుకు పెళ్లి విషయంలో గొడవై భార్య బెర్తా ఇల్లు విడిచి వెళ్లిపోయింది. చివరి ఐదేళ్లు ఆ 269 గదుల్లో ఆయన ఒక్కడే అనుకోవాలి, నౌకర్లు కాకుండా.

పూర్ణామార్కెట్_బుల్లెబ్బాయ్:
ఇక్కడ నాకు జోకు రావట్లేదు.

మల్కాపురం_నారాయణ:
ఫిరంగుల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. హిట్లర్ కాలంలో ఏం చేశారు వీళ్లు?

రూర్‌లో_రాజాం_అబ్బాయి:
ఎత్తాలి సార్. ఇక్కడివాళ్లు కూడా దాచరు. రెండో ప్రపంచయుద్ధంలో క్రుప్ కార్ఖానాల్లో సుమారు లక్ష మందితో బలవంతంగా పని చేయించారు. ఇతర దేశాల నుంచి పట్టుకొచ్చినవాళ్లు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చినవాళ్లు. 1945 ఏప్రిల్ 11న అమెరికా సైనికులు ఈ బంగళాకే వచ్చి ఆల్ఫ్రీడ్ క్రుప్‌ని అరెస్టు చేశారు, మన ఆల్ఫ్రెడ్ మునిమనవడు. 1948లో న్యూరెంబర్గ్ కోర్టు 12 ఏళ్లు జైలు వేసి ఆస్తి జప్తు చేయమంది. 1951లోనే వదిలేశారు, ఆస్తి కూడా తిరిగిచ్చేశారు. జర్మనీని మళ్లీ నిలబెట్టాలి అన్న రాజకీయం అది.

నాకు ఒళ్లు జలదరించేది ఇంకోటి. బాంబులకి ఎస్సెన్ ఊరు నేలమట్టమైంది. కార్ఖానా పక్కన ఉన్న ఆ పాత చిన్న ఇల్లు, ఆల్ఫ్రెడ్ ఏడుగురు పనివాళ్లతో మొదలైనప్పటిది, అదీ పోయింది. ఇప్పుడున్నది 1961లో మళ్లీ కట్టిన నకలు. గుట్ట మీద బంగళా మాత్రం నిలిచింది. యుద్ధం తర్వాత బొగ్గు పంపకం చూసే మిత్రదేశాల ఆఫీసు అందులో పెట్టారు. 1952లో కుటుంబానికి తిరిగిచ్చారు గానీ వాళ్లు మళ్లీ అక్కడ కాపురం పెట్టలేదు. 1953 నుంచి ప్రదర్శనలు పెట్టి జనాన్ని రానిచ్చారు. ఆల్ఫ్రీడ్ ఒక్కగానొక్క కొడుకు వారసత్వం వదులుకున్నాడు, 1967లో ఆల్ఫ్రీడ్ పోయాక ఆస్తి ఒక ఫౌండేషన్‌కి వెళ్లింది. ఆ ఫౌండేషన్ ఆఫీసు ఇప్పుడు ఆ ఆవరణలోనే. కంపెనీ పాత కాగితాల భాండాగారం కూడా అక్కడే, 1905లో పెట్టింది.

భీమిలి_రాధ:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మా తాతయ్య ఒక జూట్ మిల్లు మేనేజరు బంగళాలో మాలీగా చేసేవాడు. పేరు అనవసరం. బంగళా ముందు లాన్, క్రోటన్లు, పున్నాగ చెట్లు, అన్నీ తాతయ్య పెంచినవే. అమ్మ చెప్పేది, తాతయ్య 30 ఏళ్లు ఆ తోటలో చేసినా ముందు గేటు ఎప్పుడూ వాడలేదు, వెనక గోడకి చిన్న తలుపు ఉండేది, వంగి వెళ్లాలి. దొర ఊళ్లో లేని రోజు కూడా అదే తలుపు. మిల్లు మూతపడ్డాక ఒకసారి అమ్మ నన్ను తీసుకెళ్లింది, గేటు ఊడిపోయి ఉంది, మేకలు తిరుగుతున్నాయి. అమ్మ ముందు గేట్లోంచి లోపలికి వెళ్లి, పున్నాగ చెట్టు కింద నాలుగు పూలు ఏరుకుని, మళ్లీ ముందు గేట్లోంచే బయటికొచ్చింది. ఏమీ మాట్లాడలేదు.

శీనుగారూ, ఆ 70 ఎకరాల్లో ఎంతమంది చేసేవారో తెలుసా? వాళ్లు ఎటువైపు నుంచి వచ్చేవారు?

గాజువాక_శీను:
రాధగారూ, ఎంతమందో నాకు తెలీదు. రెండో దానికీ నా దగ్గర జవాబు లేదు. నేను టికెట్ కొని పెద్ద గేటులోంచే వెళ్లాను, ఆ ఆలోచనే రాలేదు.

రూర్‌లో_రాజాం_అబ్బాయి:
మొదటి ప్రపంచయుద్ధం నాటికి ఇంట్లో, తోటలో, గుర్రపుశాలల్లో కలిపి 600 మంది పైనే ఉండేవారక్కా. అతిథులు కూడా అలాంటివాళ్లే, జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ చాలాసార్లు వచ్చాడు, 1906లో మనవరాలి పెళ్లికి కూడా. ఆ పెళ్లి గుర్తుగా తల్లి మార్గరెతె ఊళ్లో ఇళ్ల కోసం భూమీ డబ్బూ ఇచ్చింది, మార్గరెతెన్‌హ్యోహె అని ఇప్పటికీ ఉంది, తోటల మధ్య చిన్న చిన్న ఇళ్లు. నిజం చెప్పాలంటే బంగళా కంటే నాకు అదే ఇష్టం, అక్కడ మనుషులు ఉంటారు, బట్టలు ఆరేసి ఉంటాయి.

పనివాళ్ల దారి సంగతి నేనూ ఆరుసార్లు వెళ్లి ఒక్కసారీ చూడలేదు.

సుధ_సీతమ్మధార:
రాధా, మీ అమ్మగారు ఏరుకున్న ఆ పున్నాగ చెట్టు ఇంకా ఉందా? ఉంటే విత్తనాలు నాకు కావాలి. నర్సరీలో పెడతాను.

భీమిలి_రాధ:
ఉందో లేదో చూసి చెప్తానక్కా. హుద్‌హుద్ తర్వాత అటు వెళ్లలేదు.

మల్కాపురం_నారాయణ:
బాబూ రాజాం, మా తోడల్లుడి కొడుకు వచ్చే నెల డ్యూసెల్‌డార్ఫ్ వస్తున్నాడు. చూడమని నేనే పంపిస్తాను, ఎలా రావాలో రాయి. నేను తిట్టానని వాడు చూడకుండా ఉండక్కర్లేదు కదా.

రూర్‌లో_రాజాం_అబ్బాయి:
ఎస్సెన్‌లో ఎస్6 రైలు ఎక్కి ఎస్సెన్ హ్యూగెల్ స్టేషన్‌లో దిగమనండి, క్రుప్ ఇంటి కోసం పెట్టిన స్టేషనే అది. అక్కణ్ణుంచి నడక, ఎత్తు ఉంటుంది. మధ్యాహ్నం కంటే పొద్దున్నే వస్తే జనం తక్కువ. నాకు ముందు చెప్తే నేనూ వస్తాను, ఈసారి వెనక నుంచి ఒక చుట్టు తిరుగుదాం.